నాలుగో స్టేజీ రొమ్ము క్యాన్సర్, పైగా గుండె జబ్బు: చికిత్స దారులు ఎలా వెతుక్కోవాలి

"గుండె ముప్పై ఐదు శాతమే ఉందమ్మా, ఈవిడకు కీమో ఇవ్వలేం." మా పెద్దమ్మను తీసుకెళ్లిన ఓ ఆస్పత్రిలో ఈ ఒక్క మాట చెప్పి పంపించేశారు. అప్పటికి ఆవిడకు 64 ఏళ్లు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నెముకకూ ఊపిరితిత్తుల పొరకూ పాకింది. అంతకు రెండేళ్ల ముందే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆ మాట విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాం. ఇక ఇంటికి తీసుకెళ్లడమే అనుకున్నాం.

పది రోజుల తర్వాత బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష, పూర్తి రిపోర్టు వచ్చింది. అది చూసిన ఇంకో డాక్టరమ్మ, ఈవిడకు ముందు ఇవ్వాల్సింది కీమో కాదు, మాత్రలు అన్నారు. అంటే మొదటి చోట కుదరదన్నది ఆవిడకు అప్పటికి అవసరమే లేని మందు. ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఏ మందు వాడాలో తేల్చేది వాళ్లే. ఏ కాగితం పట్టుకెళ్లాలి, ఏ ప్రశ్న అడగాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది మాత్రం తిరిగి తిరిగి నేర్చుకున్నాను.

ముందు ముక్క పరీక్ష కాగితం చేతికి రావాలి

రొమ్ము క్యాన్సర్ అందరిలో ఒకే జబ్బు కాదు. బయాప్సీ ముక్క మీద ఐహెచ్‌సీ అనే పరీక్ష చేస్తారు. అందులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు ఫలితాలు ఉంటాయి. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఆ క్యాన్సర్ ఆడ హార్మోన్ల బలంతో పెరుగుతోందని అర్థం. హెర్2 పాజిటివ్ అంటే కణాల మీద ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉంది, దాన్ని పట్టుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి అని. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. ఈ మూడు ఫలితాలు తెలియకుండా చికిత్స ఉంది, లేదు అని ఎవరైనా అంటే ఆ మాటను చివరి మాటగా తీసుకోకండి.

హెర్2 దగ్గర 2+ అని రాసి ఉంటే విషయం ఇంకా తేలలేదని. ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎవరూ గుర్తు చేయరు. హెర్2 1+ వచ్చినా, 2+ వచ్చి ఫిష్ నెగెటివ్ అయినా ఆ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి. వీటిని 'హెర్2 లో' అంటారు. తర్వాతి దశలో కొన్ని కొత్త మందులకు అది అక్కరకొస్తుంది.

ఐదారేళ్ల కిందట ఆపరేషన్ అయి, ఇప్పుడు కాలేయంలోనో ఎముకలోనో తిరగబెడితే పాత రిపోర్టుతో సరిపెట్టొద్దు. క్యాన్సర్ స్వభావం మధ్యలో మారొచ్చు. కొత్త చోటి నుంచి ముక్క తీయడం వీలవుతుందా అని అడగండి. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే ముక్క తీసే ముందే చెప్పండి. ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ వేసి ఏడాది కూడా కాకపోతే మరీ ప్రమాదం. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టరే చెప్పాలి.

ల్యాబ్‌లో ముక్కను మైనంలో అమర్చి దాస్తారు. దాన్ని బ్లాకు అంటారు. రెండో అభిప్రాయానికి పెద్ద ఆస్పత్రికి వెళ్తే బ్లాకు, స్లైడ్లు తెమ్మంటారు. దరఖాస్తు రాసిస్తే ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి.

ఇంకొకటి. గతంలో కీమో చేయించుకుని ఉంటే ఆ డిశ్చార్జి సమ్మరీలు ఎలాగైనా వెతికి తీయండి. ఎర్ర ఇంజెక్షన్ అని అందరూ చెప్పుకునే డాక్సోరుబిసిన్ అప్పట్లో ఎంత ఎక్కించారన్నది ఇప్పుడు చాలా ముఖ్యం. ఆ మందు గుండె మీద చూపే ప్రభావం మొత్తం డోసును బట్టి కూడుతూ పోతుంది. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాములు చేరేసరికి నూటికి ఐదుగురిలో గుండె బలహీనపడుతుంది. 550కి చేరితే నూటికి పాతిక మంది పైనే. ఇప్పటి గుండె బలహీనతకు అప్పటి మందే కారణమై ఉండొచ్చు కూడా.

"గుండె వీక్" అనే మాటతో సరిపెట్టుకోవద్దు

మాకు చెప్పిన 35 శాతం ఈఎఫ్ అనే అంకె. గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత బయటికి నెడుతోందో అది చెబుతుంది. నిక్షేపంలా ఉన్నవాళ్లకు కూడా అది 100 ఉండదు. 55 నుంచి 70 మధ్య ఉంటుంది. కాబట్టి 35 అంటే మూడింట రెండొంతుల గుండె చచ్చిపోయిందని కాదు. తక్కువే, జాగ్రత్త పడాల్సిందే. కానీ మేం భయపడినంత కాదు.

అసలు సమస్య ఏదో గుండె డాక్టరు చేత పేరు పెట్టించి రాయించుకోండి. గుండె కండరం బలహీనమా? రక్తనాళాల్లో బ్లాకులా? గుండె లయ తప్పుతోందా? వాల్వు సమస్యా? గుండె చుట్టూ నీరు చేరిందా? ఒక్కో సమస్యకు పనికిరాని క్యాన్సర్ మందు ఒక్కోటి. కండరం బలహీనంగా ఉన్నవాళ్లకు చేటు చేసే మందు బ్లాకులున్నవాళ్లకు కొంత ఫరవాలేకపోవచ్చు, బ్లాకులున్నవాళ్లు భయపడాల్సిన మందు వేరేది కావచ్చు.

ఆయాసం రాగానే నెపం గుండె మీదకు తోసేయడం కూడా పొరపాటే. ఈ దశలో ఆయాసానికి చాలా కారణాలు ఉంటాయి. ఊపిరితిత్తుల పొరలో నీరు, రక్తహీనత, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, ఇన్ఫెక్షన్, గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు. వీటిలో చాలావాటికి విడిగా వైద్యం ఉంది. మా పెద్దమ్మకు ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు లీటరుకు పైగా తీశాక నాలుగడుగులు వేయలేని మనిషి వరండా దాకా నడిచింది. గుండె అదే గుండె.

అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది: "డాక్టరుగారూ, గుండెకు ఇవ్వాల్సిన మందులన్నీ ఇస్తున్నారా?" క్యాన్సర్ ముదిరిందని తెలిశాక ఇంట్లోవాళ్లే కాదు, కొందరు డాక్టర్లు కూడా గుండె సంగతి పక్కన పెట్టేస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది ఇది చూస్తే. గుండె బలహీనతకు ఇప్పుడు మంచి మాత్రలు ఉన్నాయి. బీపీ, కిడ్నీలు సహకరిస్తే వాటిని మెల్లగా పెంచుకుంటూ వెళ్లినప్పుడు కొన్ని నెలల్లో ఈఎఫ్ పెరిగే అవకాశం ఉంటుంది. అప్పుడు ఇవాళ కుదరని మందు రేపు కుదరొచ్చు.

ఈఎఫ్ చూసే గుండె స్కాన్ ఎకో. దాన్ని ప్రతిసారీ ఒకే చోట, వీలైతే ఒకే డాక్టరు దగ్గర చేయించండి. మనిషి మారితే, మిషన్ మారితే ఐదారు పాయింట్లు అటూ ఇటూ పోతాయి. ఆ తేడా చూసి మందు ఆపేస్తే నష్టం మనకే. ఎకోతో పాటు ఈసీజీ, గుండెకు తగిలిన దెబ్బనూ ఒత్తిడినీ చూపే ట్రోపోనిన్, ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ రక్త పరీక్షలు చికిత్సకు ముందే చేయించి ఉంచితే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి

ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అయి, కాలేయమో ఊపిరితిత్తులో వేగంగా దెబ్బతినే ప్రమాదం లేనప్పుడు సాధారణంగా హార్మోన్ మాత్రలతోనే మొదలుపెడతారు. నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటివి. వాటితో ఎముకలు గుల్లబారతాయి, కొలెస్ట్రాల్ పెరగొచ్చు. ఫుల్వెస్ట్రాంట్ అని తుంటికి చేసే ఇంజెక్షన్ ఉంది. కండరంలోకి చేసే ఇంజెక్షన్ కాబట్టి రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు నర్సుకు ముందే చెప్పాలి. టామోక్సిఫెన్ అనే మరో హార్మోన్ మాత్రతో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడేవాళ్లు టామోక్సిఫెన్ వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం. ఇంట్లో ఎవరికో మిగిలిపోయిందని తెచ్చి మాత్రం వేయకండి.

ఈ మాత్రలకు తోడుగా ఇప్పుడు ఇంకో రకం ఇస్తారు: పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్. పేర్లు ఒకేలా వినబడతాయి కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లకు వీటి మధ్య తేడా పెద్దది. రైబోసిక్లిబ్ ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని పెంచుతుంది. అది బాగా పెరిగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఒకటి, పద్నాలుగో రోజున ఒకటి ఈసీజీ తీయాలి. ముందే క్యూటీ 450 మిల్లీసెకన్లు దాటి ఉంటే ఆ మందు మొదలుపెట్టరు. అబెమాసిక్లిబ్‌తో విరేచనాలు, రక్తం గడ్డలు. పాల్బోసిక్లిబ్‌కు గుండె లయతో అంత పేచీ లేదు, తెల్ల కణాలు పడిపోతాయి కాబట్టి రక్త పరీక్షలు తప్పవు. దీని పేటెంట్ గడువు 2023 జనవరిలో మన దేశంలో ముగిసింది. మన కంపెనీల మాత్రలు వచ్చి ధర బాగా దిగింది. రెండుమూడు కంపెనీల ధరలు కనుక్కున్నాకే కొనండి.

హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ప్రధానం. ఇది గుండె బలాన్ని తగ్గించగలదు. అందుకే మూడు నెలలకోసారి ఎకో చేస్తారు. ఎర్ర ఇంజెక్షన్ చేసే నష్టానికీ దీనికీ తేడా ఉంది. దీనివల్ల ఈఎఫ్ తగ్గితే మందు ఆపి గుండె మాత్రలు వాడినప్పుడు చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఈఎఫ్ 50 కంటే తక్కువ ఉంటే ఇవ్వకూడదన్నది మామూలుగా పాటించే హద్దు. కానీ అమెరికాలో ఈఎఫ్ 40 నుంచి 49 మధ్య ఉన్న ముప్పై మందికి గుండె మందులు వాడుతూ, గుండె డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ ఈ రకం ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు. 27 మంది చికిత్స పూర్తి చేయగలిగారు. సేఫ్ హార్ట్ అనే ఆ అధ్యయనం చిన్నదే. అయినా "46 ఉంది, కుదరదు" అన్నప్పుడు మీ డాక్టరు దగ్గర మర్యాదగా ప్రస్తావించదగ్గది. 2014 నుంచి మన దేశంలో తయారైన ట్రాస్టుజుమాబ్ కూడా దొరుకుతోంది.

ట్రిపుల్ నెగెటివ్ కష్టమైన రకం, దాచడం ఎందుకు. ఇక్కడ కీమో మీదే ఎక్కువ ఆధారపడాలి. అయినా కీమో అంటే ఎర్ర ఇంజెక్షన్ ఒక్కటే కాదు. వారం వారం తక్కువ మోతాదులో ఇచ్చే పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్, జెమ్‌సిటబిన్, వినోరెల్బిన్ ఉన్నాయి. సిస్‌ప్లాటిన్‌కు సెలైన్లు చాలా ఎక్కించాలి, బలహీనమైన గుండె ఆ నీటిని మోయలేదు. కేపిసిటబిన్ మాత్రలు సులువుగా కనిపిస్తాయి కానీ కొందరిలో గుండె రక్తనాళాలు బిగుసుకుంటాయి. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో ఛాతీ నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ ఇవ్వాలా అన్నది పీడీఎల్1 పరీక్షను బట్టి ఉంటుంది. అరుదుగా గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేయించండి. పాజిటివ్ వస్తే ఓలాపరిబ్ వంటి మాత్రల దారి ఒకటి తెరుచుకుంటుంది.

మామూలు మాత్రలు కూడా చూపించండి

క్యాన్సర్ మందు గురించి పది మందిని అడుగుతాం. వాంతుల మాత్ర గురించి ఎవర్నీ అడగం. ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, అజిత్రోమైసిన్ మూడూ క్యూటీని పెంచగలవు. రైబోసిక్లిబ్‌తో కలిస్తే ఇబ్బంది. గుండెకు, బీపీకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్ ఈ సిక్లిబ్ మాత్రల మోతాదును రక్తంలో పెంచేస్తాయి.

అన్నింటికంటే నేను గట్టిగా చెప్పాలనుకునేది నొప్పి మాత్రల గురించి. ఎముకల్లోకి పాకినప్పుడు నొప్పి భరించలేనిది. దగ్గర్లోని మెడికల్ షాపుకు వెళ్తే డైక్లోఫెనాక్ ఇస్తారు, ఆర్‌ఎంపీ గారు అదే సూది వేస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో ఇది ఒంట్లో నీరు నిలబెట్టి, కిడ్నీని దెబ్బతీసి, నాలుగు రోజుల్లో ఆయాసంతో ఆస్పత్రిలో పడేస్తుంది. మా ఇంట్లో జరిగింది. పారాసిటమాల్, అది చాలకపోతే డాక్టరు రాసే మార్ఫిన్ గుండెకు ఇంతకంటే మేలు. మార్ఫిన్ అంటే చివరి మందు అని మన దగ్గర ఓ భయం ఉంది. సరైన మోతాదులో అది నొప్పినే కాదు, ఆయాసాన్నీ తగ్గిస్తుంది. నొప్పి ఉన్న ఎముకకు ఒకే ఒక్కసారి ఇచ్చే రేడియేషన్‌తోనూ చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. పేస్‌మేకర్ ఉంటే రేడియేషన్‌కు, ఎంఆర్‌ఐకి ముందే చెప్పాలి.

ఎక్కడికి వెళ్లాలి

క్యాన్సర్, గుండె విభాగాలు రెండూ ఒకే ఆవరణలో ఉన్నచోటు ఎంచుకుంటే సగం తిప్పట తప్పుతుంది. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, సరిహద్దు దాటి వెళ్లగలిగితే వెల్లూరు సీఎంసీ అలాంటివి. క్యాన్సర్‌కే ప్రత్యేకమైనవి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి. ఇలాంటి చోట్ల చూపించుకుంటే గుండె డాక్టరు ఎవరో, వాళ్లతో ఎలా మాట్లాడతారో మొదటి రోజే అడగండి. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల్లో కొన్నిచోట్ల క్యాన్సర్ రోగుల గుండె సమస్యలు చూసే కార్డియో ఆంకాలజీ అని విడిగా ఓపీ ఉంటోంది.

ఇద్దరు డాక్టర్ల మధ్య ఫైలు పట్టుకుని పరుగెత్తే పని మనదే అవుతుంది. క్యాన్సర్ డాక్టరు "కార్డియాలజీ ఫిట్‌నెస్ తెండి" అంటారు. గుండె డాక్టరు "హై రిస్క్" అని రెండు మాటలు రాసిస్తారు. ఆ రెండు మాటల దగ్గరే దారి మూసుకుపోతుంది. అందుకే గుండె డాక్టర్ని ఇలా అడగండి: "సార్, క్యాన్సర్ డాక్టరుగారు ఫలానా మందు అనుకుంటున్నారు. ఇది ఇస్తే మీరు ఏమేం చూస్తూ ఉంటారు? ఏ అంకె వస్తే ఆపమంటారు? ఇది వద్దంటే వేరే ఏది ఫరవాలేదు?" జవాబు చీటీ మీద రాయించుకోండి. వీలైతే ఒకరి ఫోన్ నుంచి మరొకరితో మాట్లాడించండి. మాకు రెండు నిమిషాల ఫోన్ కాల్‌తో నెల రోజుల చిక్కు వీడింది. ట్యూమర్ బోర్డులో ఈ కేసు పెట్టగలరా అని కూడా అడగండి. అక్కడ నలుగురైదుగురు డాక్టర్లు కలిసి చర్చిస్తారు.

ఒక్క పేజీలో అన్నీ రాసి ఫైలు మొదట్లో పెట్టండి. వయసు, క్యాన్సర్ రకం, ఎక్కడెక్కడికి పాకింది, ఇంతవరకు ఇచ్చిన మందులు, తేదీలతో ఈఎఫ్ అంకెలు, స్టెంట్ ఎప్పుడు వేశారు, ఇప్పుడు వేసుకునే ప్రతి మాత్ర, ఆకు మందులతో సహా. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో డాక్టరు చదవగలిగేది అదే.

ప్రయాణం చేయలేని స్థితి అయితే టాటా మెమోరియల్, దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయాన్ని ఆన్‌లైన్‌లో రాతపూర్వకంగా ఇచ్చే నవ్య అనే సేవ ఉంది. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఏం చేయాలో తోచక ఫోన్లు చేసే పిల్లలు రిపోర్టులన్నీ స్కాన్ చేసి ఇలాంటి పని నెత్తికెత్తుకుంటే ఇక్కడున్నవాళ్లకు నిజమైన సాయం.

డబ్బు సంగతి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల వరకు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ఫలానా మందు, ఫలానా పరీక్ష ప్యాకేజీలో ఉందా అని పేరు పెట్టి అడగండి. లేని వాటికి ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి, ఆస్పత్రికి ఇంత సొమ్ము చెల్లిస్తామని ముందే హామీ ఇచ్చే ఎల్‌ఓసీకి ప్రయత్నించొచ్చు. చికిత్స మొదలుకాకముందే ఎస్టిమేషన్ రాయించుకుని ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. గుండె మాత్రలు జన్ ఔషధి షాపుల్లో చాలా చవక. రైలు టికెట్లో క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవాళ్లకు రాయితీ ఉంది, ఆస్పత్రి నుంచి ఫారం నింపించుకోవాలి.

ఇంట్లో

రోజూ పొద్దున్నే ఒకే సమయానికి బరువు చూసి గోడ మీద క్యాలెండర్లో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన తిండి కాదు, నీరు. వెంటనే గుండె డాక్టరుకు ఫోన్ చేయండి. కీమో వార్డులో నీళ్లు బాగా తాగమంటారు, గుండె డాక్టరు లీటరున్నర దాటొద్దంటారు. రెండూ విని కంగారు పడకుండా మీ మనిషికి రోజుకు ఎంతో ఇద్దరినీ అడిగి ఒక్క అంకె తేల్చుకోండి.

నోరు చేదుగా ఉండి అన్నం దిగనప్పుడు ఆవకాయ అడుగుతారు. కాదనడం చాలా కష్టం. కానీ ఊరగాయలో ఉప్పు గుండె మీద నేరుగా పడుతుంది. నిమ్మకాయ పిండిన చారు, అల్లం, కొత్తిమీర, చింతపండు పులుపుతో రుచి తెప్పించే ప్రయత్నం చేయండి. చూడటానికి వచ్చినవాళ్లంతా కొబ్బరిబోండాలు తెస్తారు. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి గుండె మాత్రలు వాడేవాళ్లలో పొటాషియం ముందే పెరుగుతుంది, రోజుకు రెండు బోండాలు ప్రమాదం కావచ్చు. డాక్టరును అడిగాకే ఇవ్వండి.

పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, కీమో తర్వాత 100.4 డిగ్రీలు దాటిన జ్వరం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఒక్క పేజీ కాగితం తలగడ కిందే ఉండాలి.

ఆవిడను అడగండి

ఈ పరుగులన్నిటిలో మేం ఆలస్యంగా చేసిన పని ఇదే. మూడు నెలలు మేం మేం మాట్లాడుకున్నాం, ఆవిడతో మాట్లాడలేదు. తెలిస్తే తట్టుకోలేదని దాచాం. చివరికి ఆవిడే, "నాకేముందో నాకు తెలుసురా, సూదులు ఎన్నయినా పొడిపించుకుంటా, ఆ ఐసీయూలో మాత్రం ఒంటరిగా పడేయకండి" అంది. ఆ మాట విన్నాక మా నిర్ణయాలు చాలా తేలికయ్యాయి. ఏ చికిత్స ఒప్పుకోవాలో, ఎక్కడ ఆపాలో ఆవిడ మాటను బట్టే డాక్టరుకు చెప్పగలిగాం.

బాధలు తగ్గించే వైద్యం చేసే పాలియేటివ్ కేర్ వాళ్లను మొదట్లోనే కలవండి. చికిత్స మానేసినవాళ్ల కోసమే అనుకోవద్దు. క్యాన్సర్ మాత్రలు నడుస్తుండగానే నొప్పి, ఆయాసం, నిద్ర, ఇంట్లోవాళ్ల టెన్షన్ అన్నీ వాళ్లు చూస్తారు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పైస్ డబ్బు తీసుకోకుండా చూసుకుంటుంది. మేం ఆవిడ మార్ఫిన్ చీటీ అలాంటి చోటే రాయించుకున్నాం. ఆ రాత్రి చాలా వారాల తర్వాత ఆవిడ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.